బిల్లులో బోర్డు పేరు పూర్తిగా రాయించుకోండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో కొత్త కంప్యూటర్ కొనేవాళ్ళకు సలహాలిస్తూ ఒక వ్యాసం వేశారు. ప్రాసెసర్ గురించి అర పేజీ, గ్రాఫిక్స్ కార్డు గురించి పావు పేజీ రాసి, ప్రాసెసర్, ర్యామ్ అన్నీ బిగించే మదర్‌బోర్డు దగ్గరికొచ్చేసరికి మంచి కంపెనీది ఏదో ఒకటి చూసుకోండని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. 2022 చివర్లో నాకు సిస్టమ్ అసెంబుల్ చేసిన షాపతను కూడా సరిగ్గా ఇదే మాట అన్నాడు. అది నమ్మినందుకు ఒక వేసవంతా కస్టమర్ల చేత మాటలు పడ్డాను, డబ్బూ వదిలించుకున్నాను. అందుకే ఈ ఉత్తరం. పొడుగైతే మీ ఇష్టం వచ్చినట్టు కత్తిరించుకోండి. కత్తిరించడమే నా వృత్తి కూడా, ఏమీ అనుకోను.

మాది కొత్తగూడెం. పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేస్తాను. మినీ డీవీ క్యాసెట్ల కాలం నుంచి ఇదే పని. పాల్వంచ, ఇల్లందు, మణుగూరు నుంచి ఫొటోగ్రాఫర్లు హార్డ్‌డిస్కులు తెచ్చి పడేసి వెళ్తారు. జీలకర్ర-బెల్లం నుంచి అప్పగింతల దాకా కోసి, అతికించి, పాటలేసి ఇస్తాను. నా గది డాబా మీద ఉంది. మే నెలలో మా ఊళ్ళో 44, 45 డిగ్రీలంటే ఎవరూ ఆశ్చర్యపోరు. పైకప్పు పగలంతా కాలి, రాత్రి పదింటిదాకా ఆ వేడిని గదిలోకి దించుతుంది. ఏసీ లేదు. నీళ్ళ కూలర్ ఉంది గానీ ఆ తడిగాలి సిస్టమ్‌కు తగలకూడదని దాన్ని నా వీపు వైపు తిప్పుకుంటాను. ఇక దుమ్ము సంగతి. బొగ్గు లారీలు తిరిగే ఊరు. తెల్లగుడ్డతో క్యాబినెట్ తుడిస్తే గుడ్డ నల్లగా వస్తుంది.

నేను కొన్నది ఇంటెల్ ఐ7-12700 ప్రాసెసర్. దానికి షాపతను పెట్టింది ఏడు వేల రూపాయల హెచ్610 బోర్డు. హెచ్610 అనేది బోర్డు మీది ముఖ్యమైన చిప్ (చిప్‌సెట్) పేరు, చవకరకం. "అన్నా, స్పీడంతా ప్రాసెసర్‌దే. బోర్డు ఏం చేస్తది, వైర్లు కలుపుతది, అంతే. మిగిలిన పైసలు ర్యామ్ మీద పెట్టు" అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. మొదటి ఏడాది అంతా ఫుల్ హెచ్‌డీ పనే కాబట్టి బండి నడిచింది. 2024 వచ్చేసరికి ప్రతివాళ్ళూ 4కే అడగడం మొదలుపెట్టారు. ఫైనల్ వీడియో రెండర్‌కి, అంటే కోసి అతికించినవన్నీ కలిపి ఒక్క వీడియోగా తయారవడానికి పెడితే ప్రాసెసర్ గంటల తరబడి ఊపిరి తిప్పుకోకుండా పనిచేయాలి. ఆ వేసవిలో పెట్టెతో వచ్చిన ఫ్యాను మిక్సీలా అరిచేది. ప్రాసెసర్ వేడి 100 డిగ్రీలు తాకేది.

షాపుకు వెళ్తే ప్రాసెసర్‌ను నీళ్ళ పైపులతో చల్లబరిచే వాటర్ కూలర్ పెట్టుకోమన్నారు. రూ.7,200. ఇంటికి తెస్తే మా ఆవిడ ఒకటే నవ్వు. "మనం ఎండకు చస్తున్నాం, కంప్యూటర్‌కి కూలర్ కొన్నావా?" అని. కొత్త కూలర్ బిగించాక సిస్టమ్ ఆన్ చేస్తే బోర్డు ఒక ప్రశ్న అడిగింది, ఏ రకం కూలర్ వాడుతున్నావని. మామూలు ఫ్యానా, పెద్ద ఫ్యానా, నీళ్ళదా? నీళ్ళదే కదా అని షాపు కుర్రాడు అదే నొక్కాడు. అది నొక్కితే కరెంటు హద్దు ఎంతకు పెరుగుతుందో పక్కనే అంకె ఉంది, 4096 వాట్లు. మా బాత్రూమ్ గీజరు రెండు వేల వాట్లు. అంటే హద్దు పెరగడం కాదు, హద్దే ఎత్తేశారన్నమాట. ఆ రోజు నేనూ ఆ అంకె చూశాను గానీ దాని అర్థం తెలియలేదు.

మొదటి పది నిమిషాలు స్వర్గం. ప్రాసెసర్ వేడి 68 డిగ్రీలు. చప్పుడు లేదు. నా లైఫ్‌లో ఇంత సుఖంగా రెండర్ పెట్టలేదనుకుని టీ తాగడానికి కిందికి దిగాను. వచ్చి చూస్తే యాభై నిమిషాల్లో అయిపోవాల్సింది ఇంకా గంటన్నర చూపిస్తోంది. ప్రాసెసర్ వేడి అదే 68. కానీ 4.5 గిగాహెర్ట్జ్ దగ్గర తిరగాల్సింది 1.8కి పడిపోయి కుంటుతోంది. పది సెకన్లు లేస్తుంది, మళ్ళీ పడుతుంది. జ్వరం లేని రోగి మంచం దిగలేకపోతే డాక్టరుకు ఎలా ఉంటుందో నాకు అలా ఉంది.

నెల రోజులు దీని వెనక పడ్డాను. విండోస్ కొత్తగా వేయించాను, ఎనిమిది వందలు. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే పేస్ట్ మార్చాను. ర్యామ్ తీసి తుడిచి పెట్టాను. సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ మీద అనుమానంతో పక్క స్టూడియోవాళ్ళది తెచ్చి చూశాను. ఆ నెలలో నా చేతిలో పదకొండు పెళ్ళిళ్ళున్నాయి. ఇల్లందు నుంచి ఒక పెద్దాయన రోజూ పొద్దున ఎనిమిదింటికి ఫోన్. "బాబూ, మా అమ్మాయి అత్తారింటికెళ్ళి రెండు నెలలైంది, అల్లుడు లీవు అయిపోయి దుబాయ్ వెళ్ళిపోయాడు, వీడియో ఇంకా ఎప్పుడిస్తావు? మనవడి బారసాలకా?" ఆయన గొంతు పెంచలేదు గానీ, అదే ఎక్కువ గుచ్చుకుంది.

చివరికి ఈ ముడి విప్పింది కంప్యూటర్ వాడు కాదు, ఏసీ మెకానిక్. పక్కింట్లో గ్యాస్ నింపడానికి వచ్చిన అతని దగ్గర తుపాకీ లాంటి వేడి కొలిచే మీటరు ఉంది, దూరం నుంచి గురిపెడితే డిగ్రీలు చూపిస్తుంది. ఒక్కసారి పైకి రమ్మన్నాను. క్యాబినెట్ పక్క రేకు తీసి, రెండర్ నడుస్తుండగా ఒక్కో చోట గురిపెట్టాం. వాటర్ కూలర్ పైపు, 46. ర్యామ్, 51. గ్రాఫిక్స్ కార్డు వెనక, 63. ప్రాసెసర్‌కు ఎడమ పక్కన, వెనక యూఎస్‌బీ పోర్టులకూ దానికీ మధ్య ఉన్న సందులో గురిపెడితే మీటరు 114 చూపించింది. అతను నమ్మక మళ్ళీ నొక్కాడు. 113. "అన్నా, ఇది ఇంకో రెండు నెలలుంటే ఆమ్లెట్ వేసుకోవచ్చు" అన్నాడు.

ఆ సందులో ఏముందో అప్పుడు దగ్గర్నుంచి చూశాను. బూడిదరంగు చదరపు కాయిల్స్ ఒక వరస. వాటి పక్కన కందిగింజంత నల్లటి చిప్‌లు ఇంకో వరస. వాటి మీద ఏ రేకూ లేదు, ఏ మూతా లేదు. ఉత్తివే. వేడికి చుట్టూ బోర్డు రంగు కాస్త గోధుమగా మారింది. వీటినే వీఆర్ఎం అంటారని తరవాత తెలుసుకున్నాను. ఓల్టేజీ తగ్గించి ప్రాసెసర్‌కు ఇచ్చేవి ఇవే.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ సగంలో వదిలేసినవాణ్ణి. ఆ సగం చదువు ఇక్కడ పనికొచ్చింది. ఎస్ఎంపీఎస్ నుంచి బోర్డుకు వచ్చేది 12 వోల్టులు. ప్రాసెసర్ తినేది రమారమి 1.2 వోల్టులు. నా ఐ7కి పేరుకు 65 వాట్లని రాసి ఉంటుంది గానీ, పని పడితే 180 వాట్ల దాకా వెళ్తుందని ఇంటెల్ వాళ్ళ పట్టికలోనే ఉంది. 180ని 1.2తో భాగిస్తే 150 ఆంపియర్లు. కారు స్టార్టు చేసేటప్పుడు బ్యాటరీ నుంచి లాగే కరెంటు ఆ పాటిది. కారుకైతే రెండు సెకన్లు. నా బోర్డుకు రెండు గంటలు. మార్చే పనిలో పదో వంతు వృథా అయిందనుకున్నా 18 వాట్లు వేడి కింద మిగులుతుంది. నా డ్రాయర్లో ఉన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. ఇంచుమించు అంత వేడి పుట్టించేదాన్ని బోర్డు మూలన పడుకోబెట్టి, పైన గాలి కూడా ఆడకుండా చేశామన్నమాట.

గాలి ఆడకుండా చేసింది మా వాటర్ కూలరే. పాత మిక్సీ ఫ్యాను గాలిని పైనుంచి కిందికి, బోర్డు మీదికి కొట్టేది. ప్రాసెసర్‌ను సరిగ్గా చల్లబరచలేకపోయినా, చుట్టూ ఉన్న ఈ చిప్‌లకు అంతో ఇంతో గాలి తగిలేది. వాటర్ కూలర్ పెట్టగానే ప్రాసెసర్ వేడి పైపుల్లో ఎక్కడో పైకి పోయింది, ఈ చిప్‌లకు ఊదేవాడు లేకుండా పోయాడు. పైపెచ్చు 4096 వాట్ల పర్మిషన్. బోర్డు తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగాన్ని తొక్కేసింది. కంప్యూటర్‌లో వేడి చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో ప్రాసెసర్ ఎందుకు తగ్గిందో చెప్పే వరసల్లో 'వీఆర్ థర్మల్' అన్న దానికి ఎదురుగా 'ఎస్' అని ఉంది. నెల రోజుల నుంచీ ఉంది. నేను చూసింది పైన ప్రాసెసర్ డిగ్రీలే.

ఆ రోజే పాత ఎస్ఎంపీఎస్‌లోంచి ఒక ఫ్యాను ఊడదీసి, కేబుల్ ట్యాగ్‌లతో ఆ సందుకు ఎదురుగా వేలాడదీశాను. 114 కాస్తా 88 అయింది. బయాస్‌లోకి, అంటే బోర్డు సొంత సెట్టింగుల ప్రోగ్రాంలోకి వెళ్ళి 4096 తీసేసి 125 వాట్లకు హద్దు పెట్టాను. రెండర్ యాభై ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. ఇల్లందు పెద్దాయనకు ఆ సాయంత్రమే పెన్‌డ్రైవ్ పంపాను.

ఇప్పుడు డబ్బు లెక్క చూడండి. కొన్నప్పుడే వీఆర్ఎం మీద వేడి లాగే అల్యూమినియం దిమ్మలు (హీట్‌సింకులు) ఉన్న బీ660 బోర్డు అడిగి ఉంటే పదమూడున్నర వేలయ్యేది. ఏడు వేల బోర్డుతో ఆరున్నర వేలు మిగుల్చుకున్నాననుకున్నాను. వాటర్ కూలర్‌కే ఏడు వేల రెండు వందలు పోయాయి. విండోస్ ఎనిమిది వందలు. ఒక ఫొటోగ్రాఫర్ విసుగెత్తి పని ఖమ్మం పట్టుకుపోయాడు, ఇంతవరకూ తిరిగి రాలేదు. ఇవన్నీ పోయాక కూడా మళ్ళీ బోర్డు కొనక తప్పలేదు.

ఈసారి సికింద్రాబాద్ వెళ్ళాను, పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి. జేబులో చీటీ రాసుకుని మరీ. అక్కడి షాపుల్లో ఏ బోర్డు అడిగినా అట్టపెట్టె మీద ఎర్రటి లైట్లు, ఎగిరే డ్రాగన్లు, కత్తి పట్టుకున్న రోబోలు. పెట్టె తెరిచి బోర్డు చూపించమన్నాను. ఒకతను ఒప్పుకోలేదు, ఇంకొకతను ఒప్పుకున్నాడు. హీట్‌సింకు కింద వేడిని అందించే మెత్తటి ప్యాడ్ చిప్‌ల మీద ఆనిందా లేదా అని పక్కనుంచి కన్నుపెట్టి చూస్తుంటే, "సార్, అందరూ లైట్లు ఎన్ని రంగులు మారతాయని అడుగుతారు, మీరేంటి కిందికి తొంగి చూస్తున్నారు" అన్నాడు. చూడాల్సిందే మరి. ఒక బోర్డు మీద పోర్టుల పక్కన దిట్టంగా కవచం లాంటిది ఉంది. గోటితో కొట్టి చూస్తే ప్లాస్టిక్. అది వేడిని తీసేది కాదు, కప్పేది. ఇంకోదానికి నిజం అల్యూమినియమే, కానీ ఎడమ వరసకే ఉంది, పైవరస చిప్‌లు ఉత్తివి. మూడోది నాకు నచ్చింది. రెండు వరసలకూ బరువైన దిమ్మలు, గాలి తగలడానికి చీలికలు, ప్లాస్టిక్ పుల్లలతో కాకుండా స్క్రూలతో బిగించినవి. ప్రాసెసర్ కరెంటుకు 4 పిన్నులు కాదు, పూర్తి 8 పిన్నుల సాకెట్. అది బీ760 చిప్‌సెట్, పద్నాలుగున్నర వేలు.

పెట్టె మీద '12+1+1' అని గొప్పగా రాసుకుంటారు. ఇన్ని విభాగాలు కరెంటు పంచుకుంటాయని అర్థం. ఎక్కువుంటే మంచిదే గానీ, ఆ అంకె ఒక్కటే చూసి మోసపోవద్దు. ఒక్కోటి ఎన్ని ఆంపియర్లు మోస్తుందో, పైన లోహం ఉందో లేదో చూడాలి. పదిమంది బక్క కూలీల కన్నా ఆరుగురు గట్టివాళ్ళు నయం కదా. ఇంటర్నెట్‌లో ఈ బోర్డుల్ని పరీక్షించేవాళ్ళు చాలామంది 25 డిగ్రీల చల్లని గదుల్లో పరీక్షిస్తారు. అక్కడ 90 వచ్చిందంటే మా డాబా గదిలో 40 దగ్గర అదే బోర్డు 105 చూపిస్తుంది. ఆ పదిహేను డిగ్రీలు మనమే కలుపుకోవాలి. బోర్డు మీద కరెంటును నిలకడగా ఉంచే చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్ల విషయంలో పాత మెకానిక్కులు చెప్పే లెక్క ఒకటుంది, పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగం అని. పెంటియం 4 రోజుల్లో తలలు ఉబ్బి పసుపు కారిన కెపాసిటర్లను నా చేత్తో ఎన్ని మార్చానో. ఇప్పుడొచ్చే గట్టి కెపాసిటర్లు అలా ఉబ్బవు గానీ, వేడికి వాటి ఆయుష్షూ తగ్గుతుంది.

వేడి కాక ఇంకేం చూశానంటే, మొదట ర్యామ్. ఇదే ప్రాసెసర్‌కు డీడీఆర్4 అనే పాతతరం ర్యామ్ పట్టే బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5 అనే కొత్తతరం ర్యామ్ పట్టే బోర్డులూ ఉన్నాయి. ఒకదాని ర్యామ్ ఇంకోదాంట్లో ఎక్కదు, గాడి చోటు కూడా వేరు. నా దగ్గర 32 జీబీ డీడీఆర్4 ఉంది కాబట్టి అదే పట్టే బోర్డు తీసుకున్నాను. కొత్తదనం కోసం డీడీఆర్5కి పోయుంటే బోర్డు ధరకు ర్యామ్ ధర తోడయ్యేది. నాలుగు ర్యామ్ స్లాట్లుండాలన్నాను. చవక బోర్డుల్లో రెండే ఉంటాయి, పెంచుకోవాలంటే ఉన్నవి తీసి పారేయాలి.

రెండోది హార్డ్‌డిస్కుల కేబుళ్ళు తగిలించే సాటా పోర్టులు. నాలాంటి వాళ్ళకు పాత హార్డ్‌డిస్కులే ఆస్తి. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. ఎస్ఎస్‌డీ అంటే తిరిగే పళ్ళెం లేని, వేగంగా పనిచేసే డిస్కు, అది నేరుగా బోర్డుకు గుచ్చే చోటు ఎం.2 స్లాట్. చాలా బోర్డుల్లో రెండో ఎం.2 స్లాట్‌లో కొన్ని రకాల ఎస్ఎస్‌డీలు పెడితే ఒక సాటా పోర్టు పనిచేయడం మానేస్తుంది, రెండూ ఒకే దారిని పంచుకుంటాయి కాబట్టి. మా ఊళ్ళో ఒక స్టూడియో అతను కొత్త ఎస్ఎస్‌డీ పెట్టగానే హార్డ్‌డిస్కు మాయమైందని, లోపలి పెళ్ళిళ్ళన్నీ పోయాయని గుండెలు బాదుకున్నాడు. కేబుల్ పక్క పోర్టుకు మార్చగానే అన్నీ వచ్చాయి. ఏ పోర్టు ఎప్పుడు ఆగుతుందో మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మాన్యువల్ కంపెనీ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, కొనకముందే చదువుకోవచ్చు. చివరిది ఫ్యాన్లు తగిలించే పిన్నులు. నా పాత బోర్డుకు ప్రాసెసర్‌ది కాక ఇంకొకటే ఉండేది. దీనికి నాలుగున్నాయి. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి, పైన ఒకటి బయటికి. ముందు జాలీకి దుమ్ము వల, పదిహేను రోజులకోసారి బ్లోయర్.

క్యాబినెట్ సంగతి ఒక్క మాట. ముందు అంతా అద్దం, వెనకాల మూడు రంగురంగుల ఫ్యాన్లు ఉన్నవి ఇప్పుడు ఫ్యాషన్. అద్దం వెనక ఫ్యాను గాలి ఎక్కణ్ణుంచి పీలుస్తుందో అమ్మేవాడిని అడగండి.

అయితే అందరూ నాలాగా పద్నాలుగు వేలు పోయాలని నేననడం లేదు. మా ఆవిడ చీటీల లెక్కలకు, పిల్లల చదువుకు, టైపింగ్‌కు, ఐ3 గానీ ఐ5-12400 గానీ వాడేవాళ్ళకు హెచ్610 చాలు. ఆ 12400 ఎంత పరుగెత్తినా 117 వాట్ల దగ్గర ఆగుతుంది, అదీ రోజంతా కాదు. వాళ్ళకు మీ వ్యాసంలో మాట సరిపోతుంది. తప్పు రెండో వైపు కూడా జరుగుతోంది. మా బావమరిది కొడుకు హైదరాబాద్‌లో ఇంజనీరింగ్. ఆటల కోసమని ఐ5-13400కి జెడ్790 బోర్డు కొన్నాడు, ఇరవై నాలుగు వేలు. జెడ్ బోర్డుకు ఎక్కువ పోసేది ముఖ్యంగా ప్రాసెసర్ వేగం పెంచుకోవడానికి. అది చివర 'కే' అక్షరం ఉన్న ప్రాసెసర్లకే పనిచేస్తుంది. వాడి దానికి ఆ 'కే' లేదు. బోర్డుకు అంత పోసి, డబ్బు చాలక ఊరూ పేరూ లేని ఎస్ఎంపీఎస్ పెట్టుకున్నాడు. అడిగితే "మామయ్యా, బోర్డు లుక్ చూశావా" అన్నాడు. చూశాను. గది చీకటి చేసి మరీ చూపించాడు.

ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళయితే నేను ముందు ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎండీ వైపు చూడమంటాను. వాళ్ళ ఏఎం4 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గుంట) 2016లో వచ్చి ఏళ్ళ తరబడి నడిచింది. బోర్డు మార్చకుండా బయాస్ మార్చుకుని కొత్త ప్రాసెసర్ వేసుకున్నవాళ్ళు నాకు తెలుసు. 2022లో వచ్చిన ఏఎం5కి కూడా 2027 దాకా కొత్తవి తెస్తామని కంపెనీ చెప్పింది. కాకపోతే అందులో డీడీఆర్5 తప్ప పనిచేయదు. ఇంటెల్‌లో నా ఎల్‌జీఏ1700 సాకెట్ 12, 13, 14 తరాలతో సరి, 2024 అక్టోబరులో వచ్చిన కోర్ అల్ట్రాకు సాకెట్టే మారిపోయింది. ఉన్న ర్యామ్, ఉన్న ప్రాసెసర్ వాడుకోవాలి కాబట్టి నేను ఇంటెల్‌లోనే ఉండిపోయాను.

బోర్డు కంపెనీ బయాస్ అప్‌డేట్లు ఎన్నాళ్ళిస్తుందో కూడా చూడండి. ఇంటెల్ 13, 14 తరాల్లో కొన్ని ప్రాసెసర్లు ఎక్కువ ఓల్టేజీకి దెబ్బతింటున్నాయని కంపెనీయే ఒప్పుకుని 2024 ఆగస్టులో దిద్దుబాటు తెచ్చింది, వారంటీ కూడా రెండేళ్ళు పెంచింది. ఆ దిద్దుబాటు చేరాల్సింది బయాస్ ద్వారానే. ఇది చేసేటప్పుడు కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు. మా ఊళ్ళో మబ్బు పట్టిన సాయంత్రం ఎవరూ ఆ పని పెట్టుకోరు. యూపీఎస్ ఉన్నా నాకు టెన్షనే, తెల్లవారుజామున చేశాను.

ఇక అసలు మనవి. పాత బోర్డుకు మూడేళ్ళ వారంటీ ఉంది కదా, రంగు మారిన చోటు చూపించి మార్పించుకుందామని బిల్లు తీశాను. అందులో 'ఇంటెల్ ఐ7 సిస్టమ్, ఒకటి' అని ఉంది. అంతే. బోర్డు కంపెనీ లేదు, మోడల్ లేదు, సీరియల్ నంబర్ లేదు. పద్దెనిమిది శాతం జీఎస్టీ మాత్రం పైసాతో సహా ఉంది. షాపతను తప్పు తనదేనని ఒప్పుకున్నాడు, మంచివాడే, కానీ అప్పటికి వాళ్ళకు సరుకిచ్చిన డీలరు మారిపోయాడు. ఊళ్ళో పదిమంది సిస్టమ్ బిల్లులు అడిగి చూశాను. ఏడింటిలో బోర్డు పేరు 'హెచ్610' అని చిప్‌సెట్ వరకే ఉంది. ఒకే హెచ్610 చిప్‌సెట్‌తో ఒక్కో కంపెనీ అయిదారు రకాలు చేస్తుంది. ఒకదానికి హీట్‌సింకు ఉంటుంది, ఒకదానికి ఉండదు. పేరు చివర ఒక అక్షరం తేడా, ధరలో వెయ్యి తేడా. హెచ్610 అని మాత్రమే రాయడం, బిర్యానీ అని రాసి ఏం వేశారో చెప్పకపోవడం లాంటిది.

కాబట్టి మీ అనుబంధంలో ఇకనుంచి కంప్యూటర్ ధరల పట్టిక వేసినప్పుడు బోర్డు దగ్గర మోడల్ పేరు చివరి అక్షరం వరకూ వేయండి. వీఆర్ఎం మీద లోహం ఉందో లేదో ఇంకో గడి పెట్టండి, ఒక్క గడి చాలు. కొటేషన్ తీసుకునే పాఠకులకు బోర్డు పూర్తి పేరు, సీరియల్ నంబరు బిల్లులో రాయించుకోమని రాయండి. కొత్త బోర్డు ఇంటికి తెచ్చాక నేను మొదట చేసిన పని, ప్రాసెసర్ గుంటలో పిన్నులు అన్నీ ఒకే తీరుగా ఉన్నాయో లేదో ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీసుకోవడం. ఒక్కటి వంగినా వారంటీ ఇవ్వరు, వంచింది ఎవరో తేల్చలేం.

పాత హెచ్610 ఇప్పుడు ఐ3 వేసుకుని కింద హాల్లో ఉంది. మా ఆవిడ చీటీల లెక్కలు రాస్తోంది, 40 డిగ్రీలు కూడా దాటడం లేదు. ఆ కేబుల్ ట్యాగ్‌ల ఫ్యాను మాత్రం తీయలేదు. వేసవిలో క్యాబినెట్ పక్కన కూర్చుంటే కాళ్ళకు గాలి వస్తోందట.

ఇట్లు,
పెళ్ళి వీడియోల ఎడిటర్,
కొత్తగూడెం